పదకొండింటికి వచ్చే కోపం.. టిఫిన్ ఎన్నింటికి తింటున్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. మావారికి 46 ఏళ్లు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తారు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రి ఒట్టి మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. కడుపులో మంటకు మూడేళ్లుగా రోజూ పాంటాప్రజోల్ వాడుతున్నారు. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. సీజన్ మొదలైందంటే ఏడింటికల్లా మాత్ర వేసుకుని, టీ తాగి వెళ్లిపోతారు. టిఫిన్ పదకొండున్నరకో పన్నెండుకో, భోజనం నాలుగింటికి. మధ్యలో ఏడెనిమిది టీలు. ఈ ఏడాది మనిషే మారిపోయారు. పదకొండు ప్రాంతంలో ఫోన్ చేస్తే చాలు, అరుస్తారు. కొట్లో కూడా అందరి మీదా విరుచుకుపడుతున్నారట. ఏదైనా స్వీటు తింటే కాసేపటికి మామూలవుతారు. సాయంత్రానికి నీరసం, రాత్రి నిద్ర ఉండదు, పాదాల్లో తిమ్మిర్లు, లెక్కల్లో పొరపాట్లు. దేనిమీదా మనసు పోవడం లేదంటున్నారు. మూడు నెలల షుగర్ సగటు 6.7 వచ్చింది, బాగుందన్నారు. మా అత్తగారేమో 'ఉప్పూ కారం తినే మనిషికి ఆమాత్రం కోపం రాదా' అంటారు. అరటిపండు, డార్క్ చాక్లెట్ తింటే మూడ్ బాగుంటుందని ఒక వీడియోలో చూశాను. ఆయనకు ఏం పెట్టాలి? సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలా? ఆ మాటెత్తితే ఒప్పుకోరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ఆయనకు ఏం పెట్టాలో తర్వాత చెబుతాను. ముందు ఎన్నింటికి పెట్టాలో చూద్దాం. మీరు రాసిన వాటన్నిటిలో నాకు ముఖ్యంగా కనిపించింది ఆ పదకొండు గంటల సమయమే. స్వభావంలో ఉన్న కోపం గడియారం చూసుకుని రాదు, స్వీటు తింటే పోదు. రోజూ ఒకే వేళకు వచ్చి, తీపి తినగానే తగ్గే కోపం అంటే మొదట అనుమానించాల్సింది షుగర్ పడిపోవడాన్ని.

గ్లిమెపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మనం తిన్నామా లేదా అన్నది దానికి పట్టదు. అందుకే ఆ మాత్రను రోజులో మొదటి భోజనంతో పాటు, లేదా దానికి కాస్త ముందు వేసుకోమంటారు. మీవారు ఏడింటికి మాత్ర వేసుకుని, పదకొండున్నర వరకు ఒట్టి టీల మీద ఉంటున్నారు. అంటే నాలుగున్నర గంటల పాటు మాత్ర పని చేస్తూనే ఉంది, కడుపులో మాత్రం ఏమీ లేదు.

షుగర్ పడిపోతే ముందు తెలిసేది మెదడుకే. మన బరువులో మెదడు దాదాపు 2 శాతం, కానీ శరీరం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు 20 శాతం అదే తీసుకుంటుంది. దానికి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. అది తగ్గుతోందనగానే శరీరం అడ్రినలిన్ వదులుతుంది. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు అన్నీ అందులోంచే వస్తాయి. ఇంకా తగ్గితే మాట తడబడుతుంది, లెక్క తప్పుతుంది, ఏం చేస్తున్నదీ తెలియని స్థితి వస్తుంది. ఆ సమయంలో అరిచే మనిషికి తాను అరుస్తున్నట్టు కూడా సరిగా తెలియకపోవచ్చు. దయచేసి ఈ మాట మీ అత్తగారికి కూడా చెప్పండి.

మూడు నెలల సగటు 6.7 అంటే మంచిదే. కానీ అది సగటు. పొద్దున 60, సాయంత్రం 220 ఉన్నా సగటు అందంగానే కనిపిస్తుంది. కాబట్టి ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఆయన సంచిలో పెట్టండి, లేకపోతే ఒకటి కొనండి. నాలుగైదు రోజులు, సరిగ్గా ఆ చిరాకు మొదలైనప్పుడు, స్వీటు తినకముందు చూసుకోమనండి. కొట్లో తోటివాళ్లకు చెప్పి ఉంచితే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ నిమిషంలో ఆయనకు గుర్తుండదు. 70 కంటే తక్కువ వస్తే కారణం దొరికినట్టే. అప్పుడు మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు గానీ నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగాలి. లడ్డూ, మైసూర్‌పాక్ లాంటివి అప్పుడు పనికిరావు. వాటిలోని నెయ్యి వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. షుగర్ తేరుకున్నాక టిఫినో భోజనమో తప్పకుండా తినాలి, లేకపోతే ఈ మాత్ర ప్రభావంతో గంటలోపే మళ్లీ పడిపోవచ్చు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఆ వేళకు మీటర్‌లో 130, 140 కనిపిస్తే నా అనుమానం తప్పని తేలుతుంది, అదీ మనకు అవసరమైన సమాచారమే. ఏది వచ్చినా ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డోసు తగ్గించాలా, షుగర్ పడిపోనివ్వని వేరే మాత్రకు మార్చాలా అన్నది వారు చూస్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. అయితే మాత్ర టిఫిన్‌తోనే వేసుకోవాలన్న ఒక్క మార్పు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇక తిమ్మిర్లు, మతిమరుపు, ఆసక్తి లేకపోవడం. ఇక్కడ నాకు మరో అనుమానం ఉంది, విటమిన్ బి12. షుగర్ ఉన్నవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కితే అందరూ షుగర్ వల్లే అనుకుంటారు. బి12 తగ్గినా అచ్చం అలాగే ఉంటుంది. పైగా నీరసం, చిరాకు, దిగులు, జ్ఞాపకశక్తి తగ్గడం కూడా దాని లక్షణాలే. మీవారి విషయంలో మూడు కారణాలు కలిశాయి. బి12 సహజంగా జంతు సంబంధమైన ఆహారంలోనే ఉంటుంది, మీకు పాలు, పెరుగు తప్ప వేరే దారి లేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఆ కాస్తా ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఆహారంలోంచి బి12 విడిపోవడానికి కడుపులో ఆమ్లం కావాలి, పాంటాప్రజోల్ దాన్ని తగ్గిస్తుంది. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్లు కాపాడుతుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. ఆరేళ్ల తర్వాత బయటపడటంలో ఆశ్చర్యం లేదు.

హిమోగ్లోబిన్ బాగుందని బి12 పరీక్ష వదిలేయడం నేను తరచూ చూసే పొరపాటు. మన ఇళ్లలో గోంగూర, తోటకూర, పప్పు బాగా తింటాం, వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1945లో అమెరికాలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. రక్తకణాల తయారీలో ఫోలిక్ యాసిడ్, బి12 కలిసి పనిచేస్తాయి. ఫోలిక్ యాసిడ్ సమృద్ధిగా ఉంటే రక్తం మామూలుగానే కనిపిస్తుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం లోపల జరుగుతూనే ఉంటుంది. అందుకే బి12 విడిగా చూడాలి. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడేవారికి అప్పుడప్పుడూ ఈ పరీక్ష చేయించాలని మధుమేహ మార్గదర్శకాలే చెబుతున్నాయి. దాంతోపాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్ చేయించండి. కిడ్నీల పని తగ్గితే గ్లిమెపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగర్‌ను ఇంకా పడేస్తుంది, అందుకే క్రియాటినిన్ అడిగాను. మగవారిలో హిమోగ్లోబిన్ 13 కంటే తక్కువ ఉంటే తిండి తక్కువైందని సరిపెట్టుకోకుండా కారణం వెతకాలి. బి12 తక్కువని తేలితే మాత్రలా, ఇంజెక్షన్లా అన్నది డాక్టర్ చెబుతారు. తిమ్మిర్లు మొదలైనప్పుడు పాలు, పెరుగుతోనే సరిపెట్టడం కుదరదు. నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది, మధ్యలో ఆపకండి.

మీ అత్తగారి మాటకు వస్తాను. మిరపకాయ తింటే కోపం వస్తుందనడానికి ఆధారం లేదు. కానీ ఆవిడ మాటలో వేరే రకంగా కొంత నిజం ఉంది. సీజన్ రోజుల్లో మీవారు రాత్రి పదింటికి ఇంటికి చేరి, కారంగా, కడుపు నిండా తిని, వెంటనే పడుకుంటూ ఉండొచ్చు. అలా అయితే అర్ధరాత్రి మంట పైకి తన్నుతుంది, నిద్ర చెడుతుంది. నిద్ర చాలని మనిషికి మర్నాడు చిరాకు రాకుండా ఎలా ఉంటుంది? మంట తగ్గాలని మాత్ర, ఆ మాత్ర వల్ల బి12 లోటు. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉంచి, ఆ పూట మటుకు కారం, నూనె తగ్గిస్తే పాంటాప్రజోల్ రోజూ అవసరమా అని డాక్టర్‌ను అడగగలిగే స్థితికి వస్తారు. ఊరగాయ మానేయమని గుంటూరు మనిషికి నేను చెప్పను. మధ్యాహ్నం ఒక ముక్క వేసుకోనివ్వండి.

టీ సంగతి. యార్డులో టీ అంటే పలకరింపు లాంటిది, వద్దంటే బాగుండదు, నాకు తెలుసు. కానీ గ్లాసుకు రెండు చెంచాల పంచదార వేస్తే ఎనిమిది టీలకు పదహారు చెంచాలు, అంటే 60 గ్రాములు దాటుతుంది. దాంతో షుగర్ ఎగుడుదిగుడులు ఎక్కువవుతాయి. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం ఆరింటి టీ రాత్రి పదకొండుకు కూడా ఒంట్లోనే ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని ఉంది. ఎందుకంటే టీలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీలను మూడుకు తగ్గించి, నాలుగు గంటల తర్వాత ఆపేయమనండి. ఒకేసారి మానేస్తే తలనొప్పి వస్తుంది, వారానికి రెండేసి తగ్గించండి. మిగతా వేళల్లో పల్చని మజ్జిగ బాటిల్ ఇచ్చి పంపండి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గినా తలనొప్పి, నీరసం, చిరాకు ఉంటాయి. బీపీ ఉంటే మజ్జిగలో ఉప్పు వేయకండి.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న, ఏం పెట్టాలి? ఏడింటికి ఇంట్లోంచి కదిలే ముందు రెండు పెసరట్లు, లేదా మూడు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు. ఒట్టి ఇడ్లీ, కొబ్బరి పచ్చడి అయితే తొందరగా అరిగిపోతుంది. పప్పు తోడుంటే షుగర్ నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. పొద్దున్నే టిఫిన్ చేయడానికి మీకూ ఓపిక లేని రోజున పాలు కలిపిన రాగి జావ, గుప్పెడు వేయించిన పల్లీలు చాలు. పదిన్నరకు తినడానికి చిన్న డబ్బాలో శనగల గుగ్గిళ్లు పెట్టండి. మధ్యాహ్నం ఒంటిగంటకు క్యారేజీ విప్పాల్సిందే, సీజన్ అయినా సరే. అన్నం ఇప్పుడు తినేదానిలో మూడోవంతు తగ్గించి, ఆ మేరకు ముద్దపప్పో, ఆకుకూర పప్పో, కూరగాయలో పెంచండి, చివర పెరుగు. సాయంత్రం జామకాయ. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికి రాలేకపోతే రెండు జొన్నరొట్టెలు, కూర కొట్టుకే పంపే ఏర్పాటు చూడండి. అవిసె గింజల కారప్పొడి ఇంట్లో ఉంటే మంచిది, లేకపోతే కొనాలని లేదు.

అరటిపండుతో సంతోషం వస్తుందనే వీడియోలు నేనూ చూశాను. మనసును కుదురుగా ఉంచే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి, మన ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, ఇంతవరకు నిజమే. అరటిపండులోనూ సెరటోనిన్ ఉంది. కానీ అక్కడి సెరటోనిన్ రక్తంలోంచి మెదడులోకి దాటలేదు, మెదడు తనకు కావాల్సింది తానే తయారుచేసుకుంటుంది. షుగర్ ఉన్న మనిషికి మూడ్ కోసమని చాక్లెట్ అలవాటు చేయకండి.

తిండి మొత్తం మారితే డిప్రెషన్‌లో కొంత మేలు జరుగుతుందనడానికి ఆధారాలున్నాయి. ఆస్ట్రేలియాలో 67 మంది డిప్రెషన్ రోగులతో చేసిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. 12 వారాలు ఆహార నిపుణుల సలహాతో తిన్నవారిలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ లక్షణాలు పోయాయి. తిండి మార్చకుండా, వారితో మాట్లాడుతూ తోడుగా మాత్రమే ఉన్న రెండో గుంపులో అది 8 శాతం. చిన్న పరిశోధన, పైగా చాలామంది మందులో కౌన్సెలింగో కొనసాగిస్తూనే తిండి మార్చుకున్నారు. వాళ్లు తిన్నవి ముఖ్యంగా పప్పుధాన్యాలు, కూరగాయలు, ముడి ధాన్యాలు, పళ్లు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె. చేపలు, ఆలివ్ నూనె తప్ప మిగతావన్నీ మన వంటింట్లో ఉన్నవే.

కాబట్టి సైకియాట్రిస్ట్ వద్దని నేను అనను. షుగర్ ఉన్నవారిలో డిప్రెషన్ మిగతావారి కంటే ఎక్కువ, మగవారిలో అది ఏడుపుగా కాక కోపంగా బయటపడటం మామూలే. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం, నిద్ర చెడటం, తన వల్ల ఉపయోగం లేదనే మాటలు ఉంటే బి12 రిపోర్టు కోసం ఎదురుచూడకుండా మానసిక వైద్యులకు చూపించాలి. 'బతికి ఏం లాభం' లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆరోజే వెళ్లాలి, ఆయన్ను ఒంటరిగా వదలకూడదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది.

ఒప్పుకోరని రాశారు. ఇప్పుడైతే షుగర్ చూపించుకుందాం, పదకొండింటికి పడిపోతోందేమో అని చెప్పి బయల్దేరదీయండి. అది అబద్ధం కాదు. ఆ డాక్టర్‌కు నిద్ర, దిగులు గురించి కూడా మీరే చెప్పండి, వారు పంపితే సైకియాట్రిస్ట్ దగ్గరికి ఆయన వెళ్లే అవకాశం ఎక్కువ. ఈలోపు మీకే మాట్లాడే మనిషి కావాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.