ఆ సగం తపాలా బిళ్లను నీళ్లలో వేయకండి

ప్రశ్న: పాత కవర్ల కట్టలో 1919 జనవరి నాటి డెన్మార్క్ కవరు ఒకటి దొరికింది. దాని మీద 5 ఓరె (డెన్మార్క్ చిల్లర నాణెం) ఆకుపచ్చ స్టాంపు, పక్కనే మూలకు మూల కోసిన 4 ఓరె నీలం స్టాంపు సగం ఉన్నాయి. ముద్రలో థోర్స్‌హావన్ అని ఉంది. నానబెట్టి ఊడదీసి ఆల్బంలో పెట్టుకోనా? సగం స్టాంపుకు విలువేముంటుంది?

జవాబు: ముందు ఆ నీళ్ల గిన్నె పక్కన పెట్టండి! థోర్స్‌హావన్ అంటే ఉత్తర అట్లాంటిక్‌లో డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవుల ముఖ్యపట్టణం తోర్షావ్న్. అప్పట్లో అక్కడ వాడింది డెన్మార్క్ స్టాంపులే. 1919 జనవరి 1న ఉత్తరం రేటు 5 ఓరె నుంచి 7కు పెరిగింది. కొత్త రేటుకు సరిపడా స్టాంపులు దీవుల్లో లేవు. తెప్పిద్దామంటే సముద్రం దాటి ఓడ రావాలి. అందుకే 4 ఓరె బిళ్లను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను 2 ఓరెలుగా వాడుకోనిచ్చారు. ఐదూ రెండూ ఏడు, మీ కవరు లెక్క సరిపోయింది. అదీ చాలక 5 ఓరె బిళ్లల మీద '2 ఓరె' అని అక్కడే చేత్తో ముద్ర కొట్టారు.

ఇక విలువ సంగతి. కవరు నుంచి ఊడితే ఆ ముక్క ఉత్త కాగితం. ఎవరైనా కత్తెరతో కోసుకోవచ్చు కదా! తపాలా ముద్ర కోసిన అంచు దాటి కవరు మీదికి పాకిందా అన్నది భూతద్దంతో చూడండి. నేను మోజుపడి కొన్న కవరులో ముద్ర గీత సరిగ్గా అంచు దగ్గరే ఆగిపోయింది. పాత కవరుకు తర్వాతెవరో ముక్క అతికించారన్న మాట. డబ్బులు పోయాక గానీ నాకు భూతద్దం గుర్తుకు రాలేదు. ముద్ర పాకినా సరే, అమ్మే ముందు నిపుణుల సర్టిఫికెట్ తీసుకోండి.

దీవుల్లో స్టాంపుల కొరత మళ్లీ వచ్చింది. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్‌ను, బ్రిటన్ ఈ దీవులను ఆక్రమించడంతో రాకపోకలు తెగాయి. 1 ఓరె స్టాంపు మీద 20, 6 ఓరె స్టాంపు మీద 60 అని అచ్చేసి నెట్టుకొచ్చారు. 1948లో స్వపరిపాలన దక్కినా 'ఫొరోయార్' (ఫారో దీవులకు అక్కడి భాషలో పేరు) పేరుతో సొంత స్టాంపులు వచ్చింది 1975 జనవరి 30న. తపాలా శాఖ పూర్తిగా దీవుల వాళ్ల చేతికొచ్చింది 1976 ఏప్రిల్ 1న. ఆ స్టాంపులైతే మీరు నిశ్చింతగా నానబెట్టుకోవచ్చు.