గుండీల దుకాణంలో ఇరవై నిమిషాలు

చిరంజీవికి,

"మీరు" అని మొదలుపెట్టి కొట్టేశాను. మా చిన్నవాడికన్నా చిన్నవాడివి, "నువ్వు" అనే రాస్తాను.

లిస్బన్‌లో మీ దంపతులు ఓడ ఎక్కేముందు గడిపిన రోజు గురించి నువ్వు పంపిన నాలుగు పేజీలు అందాయి. అక్షరదోషాలు లేవు. ఈ రోజుల్లో అది తక్కువేమీ కాదు. రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని "మేము" కనిపించిన చోటల్లా సున్నా చుట్టాను. నలభై ఒకటి తేలాయి. మేము ట్రాము ఎక్కాము, మేము కోట చూశాము, మేము ముగ్ధులమయ్యాము. ఇద్దరూ ఒకే క్షణాన, ఒకే మోతాదులో ముగ్ధులయ్యారా? పెళ్ళయి ఎన్నాళ్ళయింది నాయనా?

మూడో పేజీ అడుగున మాత్రం ఈ వాక్యం ఉంది: "మా ఆవిడ గుండీల దుకాణంలో దూరడంతో ఇరవై నిమిషాలు వృథా అయ్యాయి." ఈ ఉత్తరం రాయిస్తున్నది అదే. లేకపోతే ఒక కార్డు ముక్కతో సరిపెట్టేదాన్ని.

28వ నంబరు ట్రాము వెళ్ళే కొన్సెయ్‌సావ్ వీధి అని నువ్వే రాశావు. పాతకాలపు గుండీల కొట్లకు పేరున్న వీధి అది. గుండీని పోర్చుగీసువాళ్ళు "బొతావ్" అంటారు. మన బొత్తాం అదే. మేస్త్రీ, తువాలు, బాల్చీ, అనాస, పాదిరి, ఇవన్నీ వాళ్ళ ఓడలెక్కి వచ్చిన మాటలే. ఆ మాటల పుట్టింట్లో ఒక తెలుగు అమ్మాయి బల్ల ముందు నిలబడి బొత్తాలు ఏరుకుంటోంది. నువ్వేమో బయట గడియారం చూసుకుంటున్నావు. ఎన్ని కొన్నది? కొమ్మువా, ముత్యపుచిప్పవా? ఏ చొక్కాకు ఊడింది, నీదేనా? కొట్టువాడికి ఏ భాషలో చెప్పింది? ఒక్కటీ రాయలేదు.

బదులుగా 1755 నవంబరు 1 నాటి భూకంపానికి ఒక పేజీ ఇచ్చావు. భూకంపం, వెంటనే సముద్రం పొంగడం, ఆపైన రోజుల తరబడి మంటలు. అన్నీ నిజమే, కానీ లైబ్రరీలో కూర్చుని ఎవరైనా రాయగలిగిన పేజీ అది. అదే సంగతి గుండీల కొట్టు గుమ్మంలో నిలబడి చెప్పి ఉంటే? ఆ దిగువపేట వీధులు తాడు పట్టి గీసినట్టు ఎందుకున్నాయి? ఊరు కూలాక పొంబాల్ అనే మంత్రి దాన్ని కొత్తగా గీయించి, బంగారం పనివాళ్ళకొక వీధి, వెండి పనివాళ్ళకొకటి, చెప్పులు కుట్టేవాళ్ళకొకటి అని పంచాడు. మళ్ళీ నేల కదిలినా కూలిపోకుండా గోడల లోపల కొయ్య పంజరాలు పెట్టించాడు. మీ ఆవిడ చేయి ఆనించిన గోడలోనూ అలాంటి పంజరం ఉండి ఉండవచ్చు. నీ భూకంపం ఆ గోడలో దాక్కుని ఉంటే నువ్వు దాన్ని పుస్తకంలో వెతికావు.

నా చాదస్తం నీకిప్పటికే అర్థమై ఉంటుంది. మన భాషలో "మనం" ఉంది, "మేము" ఉంది. "మనం" అంటే చదివేవాణ్ణి లోపలికి పిలిచినట్టు. "మేము" అంటే గుమ్మం బయట నిలబెట్టి తలుపేసినట్టు. దంపతుల యాత్రల్లో ఆ తలుపు వెనక ఇంకో ఘోరం కూడా జరుగుతుంది. ఇద్దరిలో ఒకరు మాయమైపోతారు. ఎవరో నేను చెప్పనక్కరలేదు.

నేను లిస్బన్ చూడలేదు, కొచ్చి చూశాను. 1983లో లక్షద్వీప్ వెళ్ళే ఓడ కోసం మాకూ నీకులాగే ఒక పగలంతా ఖాళీ దొరికింది. ఆయన చీనా వలల దగ్గర కూలబడ్డారు. ఒక చివర బండరాళ్ళు వేలాడదీసి, నలుగురైదుగురు తాళ్ళు లాగుతుంటే వల నీళ్ళలోంచి లేవడం చూస్తూ, అక్కడి నుంచి కదలనన్నారు. నేనొక్కదాన్నే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలోకి వెళ్ళాను. కప్పు నుంచి పొడుగాటి గుడ్డ పంకాలు వేలాడుతున్నాయి. ఒకప్పుడు బయట కూర్చుని తాడు లాగేవారట. లోపల దొరలు ప్రార్థన చేసుకుంటుంటే బయట ఎండలో ఆ తాడు పట్టుకున్నవాడి చేయి ఎలా ఉండేదా అని అక్కడే గంటసేపు కూర్చున్నాను.

తిరిగొచ్చి "నేను" అని రాసి ఒక వారపత్రికకు పంపాను. ఆ సంపాదకుడు, పేరెందుకులే, పెళ్ళయిన ఆడది ఊళ్ళో ఒంటరిగా తిరిగినట్టు రాస్తే కుటుంబ పత్రికకు బాగుండదని, "నేను" కనిపించిన ప్రతిచోటా "మేము" చేశాడు. "మేము పంకాలను చూసి పరవశించాము" అని అచ్చయింది. మా ఆయన చర్చి గడప తొక్కనే లేదు! చదివి, "నేనెప్పుడు పరవశించానే?" అని వారం రోజులు ఏడిపించారు. తాడు లాగినవాడి చేయి గురించిన పేరా మాత్రం అచ్చు కాలేదు. ఆ జాగాలో "ఎలా వెళ్ళాలి, ఎక్కడ దిగాలి" అనే డబ్బా వేశారు. ఇప్పటివాళ్ళు ఆ డబ్బానే వ్యాసం చేసి "తప్పక చూడవలసిన పది ప్రదేశాలు" అంటున్నారు.

అన్నట్టు, లిస్బన్‌లోని జెరోనిమోస్ మఠంలో వాస్కో డ గామా సమాధి ముందు "మేము తలవంచాము" అని కూడా రాశావు. అతను పోయింది కొచ్చిలో, 1524 క్రిస్మస్ ముందురోజు. నేను చూసిన ఆ చర్చిలోనే పూడ్చి, 1539లో అస్థికలు పోర్చుగల్‌కు పట్టుకెళ్ళారు. నేను చూసింది ఖాళీ గొయ్యి మీది రాయి. 1502లో మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడను ఆడవాళ్ళతో, పిల్లలతో సహా తగలబెట్టించిన మనిషి అతను. నువ్వు తలవంచితే వంచావు. ఆ అమ్మాయి కూడా వంచిందా? అడిగే రాశావా?

ఫోటోలు జతచేయాలా అన్నావు, తర్వాత చూద్దాం. ముందు ఆ ఇరవై నిమిషాలు రాసి పంపు. నీకు తెలియదు కాబట్టి తనను అడిగి రాయి. ఇంకా నయం, తననే రాయమను. తన పేరేమిటో కూడా చెప్పు. నాలుగు పేజీలు రెండుసార్లు తిరగేశాను, ఎక్కడా కనిపించలేదు.