భాష గడిలో తెలుగు అని రాయండి, రేస్ సంగతి తర్వాత

అడిగిన ప్రశ్న: "మా అమ్మానాన్నల్ని ఇక్కడ అమెరికాలో కౌంటీ క్లినిక్‌కి తీసుకెళ్తే ఫారంలో రేస్ (జాతి), ఎత్నిసిటీ (ఏ మూలాలవాళ్లో), ఇంట్లో మాట్లాడే భాష అడిగారు. వైద్యానికి ఇవన్నీ దేనికి? నింపకపోతే ఏమవుతుంది?"

ఏమీ అవదు. చెప్పడం ఇష్టం లేదన్న గడి ఉంటే అక్కడ టిక్ పెట్టి కూర్చోండి, మందులేమీ ఆపరు. నేనూ మీలాగే విసుక్కుని మా అమ్మ ఫారం రెండు నిమిషాల్లో నింపి పడేసినవాణ్ణే. తర్వాత ఏం జరిగిందో చెప్తాను.

అమ్మది అద్దంకి దగ్గర పల్లెటూరు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఎప్పటిదో పాత మచ్చ కనపడింది. అలాంటివాళ్ల కాగితాల మీద 'బి1' అని రాసి పంపిస్తారు. టెక్సస్‌లో దిగాక స్థానిక ఆరోగ్య శాఖ వాళ్ల టీబీ క్లినిక్‌లో మళ్లీ చూపించుకోవాలి. మూడు రోజులు వరుసగా కళ్లె ఇచ్చాం, కల్చర్ కోసం, అంటే ల్యాబ్‌లో అందులోంచి క్రిమి పెరుగుతుందేమో చూడ్డానికి, ఎనిమిది వారాలు ఆగాం. చివరికి తేలిందేమిటంటే జబ్బు లేదు, క్రిమి మాత్రం ఒంట్లో నిద్రపోతోంది. అది లేవకుండా నాలుగు నెలలు రిఫాంపిన్ అనే మందు వాడమన్నారు.

ఆ ఫారంలో భాష దగ్గర నేను ఇంగ్లీష్ అని పెట్టాను. ఇంకేదైనా రాస్తే అనువాదం చెప్పేవాళ్ల కోసం గంట కూర్చోబెడతారని ఒక భయం. మా అమ్మకి ఇంగ్లీష్ రాదని రాయడానికి నామోషీ, అది అసలు సంగతి. నేనున్నాను కదా, నేను చెప్తాలే అనుకున్నాను. తీరా నర్సు అమ్మని లోపలికి పిలిచే టైముకి నేను వరండాలో ఆఫీసు కాల్‌లో ఉన్నాను.

అమ్మకి ఇంగ్లీష్ రాదని ఆవిడకి రెండు మాటల్లోనే అర్థమైంది. మొహం చూసి ఇండియా అనుకుని ఫోన్‌లో హిందీ మనిషిని పట్టుకుంది. మా అమ్మది దూరదర్శన్ హిందీ. ఆయన ఏం చెప్పినా "హా జీ, హా జీ" అంది. అందరూ సంతోషంగా బయటికొచ్చారు.

ఆ హిందీలో ఒక ముఖ్యమైన మాట పోయింది. ఆ మందు వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడక్కర్లేదు అని. మూడో రోజు అమ్మ చూసుకుని హడలిపోయింది. కొడుకుతో ఆ మాట ఎలా చెప్తుంది? మేం పడుకున్నాక అద్దంకిలో పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని అక్కణ్ణుంచే తేల్చేసింది: పచ్చకామెర్లు, ఆ మందులు ఆపెయ్, ఎవరైనా వచ్చేవాళ్లుంటే పసరు పంపిస్తా.

పందొమ్మిది రోజుల తర్వాత మా ఆవిడ చెత్తబుట్ట తీస్తుంటే కాకరకాయ గింజల మధ్య టిష్యూ కాగితంలో ఎర్ర క్యాప్సూల్స్ దొరికాయి. "ఏంటత్తయ్యా ఇవి?" అంటే, "నీళ్లు ఎర్రగా పడుతున్నాయమ్మా, వాడికి చెప్పబాక" అందట.

మళ్లీ వెళ్లాం. ఈసారి భాష గడిలో తెలుగు అని రాయించాను. గంట పడుతుందనుకున్నది ఐదు నిమిషాల్లో ఫోన్‌లో తెలుగాయన దొరికాడు. మొదట "మీ మూత్రము నారింజ వర్ణములో వచ్చును" అన్నాడు. అమ్మ నావైపు చూసింది. ఈ టెలిఫోన్ అనువాదకులకి పాఠ్యపుస్తకం తెలుగు ఎవరు నేర్పుతారో నాకు అర్థం కాదు, టీబీ అంటే తెలియని ఊరు లేదు, వీళ్లేమో క్షయ అంటారు. ఆయనకే తట్టి "నీళ్లు ఎర్రగా పడతాయమ్మా, ఏం కాదు" అన్నాక అమ్మ నవ్వింది. నన్ను బయట కూర్చోమంది. లోపల నాలుగు ప్రశ్నలు అడిగిందట, అవేంటో నాకు ఈరోజుకీ తెలీదు. మానేసిన రోజులు చివర్లో కలిపి కోర్సు పూర్తి చేయించారు.

అందుకే భాష గడి నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ప్రభుత్వ డబ్బు తీసుకునే క్లినిక్‌లు అనువాదకుణ్ణి ఉచితంగా ఇవ్వాలి. 1964 పౌరహక్కుల చట్టం ఉంది, ఒబామా నాటి ఆరోగ్య చట్టంలో 1557 సెక్షన్ ఉంది. కానీ కాగితం మీద ఇంగ్లీష్ అని ఉంటే ఎవరికి ఇస్తారు? 2010 నుంచి 2017 దాకా అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని తెగ షేర్ చేసుకున్నాం. నాకు తెలిసిన పది ఇళ్లలో ఎనిమిది ఇళ్ల పెద్దవాళ్లు క్లినిక్ రికార్డుల్లో మాత్రం ఇంగ్లీషువాళ్లే. ఇక తెలుగు కరపత్రం ఎవరు వేస్తారు? తానా, ఆటా లాంటి ఇక్కడి తెలుగు సంఘాల సభల్లో భాషాభిమానం గురించి గంటలకొద్దీ మాట్లాడేది కూడా మనమే.

రేస్ గడి సంగతంటారా, అదో గందరగోళం. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవాళ్లలో కలిపారు, 1980కి 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. 2024లో రేస్, ఎత్నిసిటీ రెండూ ఒకే ప్రశ్న చేసి, మధ్యప్రాచ్యం వాళ్లకి కొత్త గడి పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. అయినా దండగేం కాదు. ఏషియన్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చూసే లెక్క) 25 దాకా ఆగకుండా 23కే షుగర్ పరీక్ష చేయమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోందంటే మనల్ని వేరుగా లెక్కపెట్టబట్టే. కోవిడ్ టీకాలు మొదలైన నెలలో వేసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ గడి ఖాళీ. ఏ జాతివాళ్లకి టీకా అందలేదో ఇంక ఎలా తెలుస్తుంది? అన్నట్టు, మా ఫ్రెండ్ వాళ్ల నాన్న 'అమెరికన్ ఇండియన్' దగ్గర టిక్ పెట్టొచ్చారు. అది ఇక్కడి ఆదివాసుల గడి. మీవాళ్లకి ముందే చెప్పండి.

పిన్ని మాత్రం అవి కామెర్లేనని, తను చెప్పబట్టే అక్క బతికిందని ఇప్పటికీ అంటుంది.