పాలు పడలేదని ఎవరన్నా అంటే

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

తొమ్మిదో నెల వచ్చిందని, సత్యనారాయణపురంలో పుట్టింటికి చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉయ్యాల, పొత్తిగుడ్డలు, కాయం అన్నీ సిద్ధం చేస్తోందట. వాటితోపాటు ఇంకో పని చేసుకో. సూర్యారావుపేటలో నువ్వు చూపించుకునే ఆసుపత్రిలో లాక్టేషన్ కౌన్సిలర్, అంటే బిడ్డకు పాలు పట్టడం దగ్గరుండి నేర్పే మనిషి ఉందో లేదో కనుక్కో. లేకపోతే బయట ఎవరున్నారో మీ డాక్టరమ్మను అడుగు. పురుడొచ్చాక, నిద్రలేని కళ్లతో ఆ వెతుకులాట నీవల్ల కాదు.

మీ అన్నయ్య పుట్టినప్పుడు నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు. ఆపరేషనైన రెండో రోజు ఒక నర్సు వచ్చి, రొమ్ము నొక్కి చూసి, "నీకు పాలు పడలేదమ్మా" అని డబ్బా పాలు తెప్పించింది. నేను నమ్మాను. మీ అమ్మమ్మ సొరకాయ కూర, వెల్లుల్లి, మెంతులు పెడుతూనే ఉంది. నెల తిరిగేసరికి వాడు రొమ్ము పట్టడమే మానేశాడు. బిడ్డకు పాలివ్వలేకపోయానని ఏళ్లతరబడి కుమిలిపోయాను.

మీ అక్క పుట్టినప్పుడు, వేరే ఆసుపత్రిలో, ఒక పెద్ద నర్సమ్మ నా పక్కన కూర్చుని పిల్ల తాగినంతసేపూ చూసింది. "పాలున్నాయమ్మా, పిల్ల మొన ఒక్కటే పట్టుకుంటోంది" అంది. పిల్ల పొట్టను నా పొట్టకు ఆనించి, ముక్కును మొనకు ఎదురుగా ఉంచి, ఆవులింతంత నోరు తెరిచేదాకా ఆగమంది. తెరవగానే దగ్గరికి తీసుకున్నాను. గడ్డం రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటికి తిరిగింది, మొన చుట్టూ ఉండే నల్లభాగం చాలావరకు నోట్లోకి వెళ్లింది. నొప్పి అప్పటికప్పుడే తగ్గింది. కాసేపటికి గుటక వినిపించింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది తల్లీ.

నీకూ అలాంటి మనిషే కావాలి. నొక్కి చూసి తేల్చేసేవాళ్లు వద్దు. అడక్కుండా నీ ఒంటిమీద చెయ్యి వేస్తే, ముందు చెప్పి చేయమని మొహమాటం లేకుండా అను. ఉచితంగా డబ్బా చేతిలో పెడితే తీసుకోకు. అలా శాంపిళ్లు పంచకూడదని 1992లోనే చట్టం వచ్చింది. బిడ్డ బరువు చూసి పై పాలు కావాలని పిల్లల డాక్టరు చెబితే మాత్రం పట్టు, బాధపడకు. ఆ పాలు పడుతూనే రొమ్ము అలవాటు పోకుండా ఎలా చూసుకోవాలో కౌన్సిలర్‌ని అడుగు.

మొదటి రెండు మూడు రోజులు ముర్రుపాలు చెంచాల లెక్కనే వస్తాయి. ఆ బుల్లి పొట్టకు అవే చాలు. ఆపరేషనైతే పాలు పొంగడం ఇంకాస్త ఆలస్యం కావచ్చు. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టు. ఐదో రోజు దాటాక రోజుకు 6 సార్లన్నా ఉచ్చపోస్తుంటే కడుపు నిండుతున్నట్టే. మొదట్లో బిడ్డ కాస్త బరువు తగ్గుతుంది. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు రాకపోతే డాక్టరుకు చూపించాలి.

కౌన్సిలర్ వచ్చినప్పుడు మీ అత్తగారిని కూడా గదిలోకి పిలువు. ఇది మర్చిపోకు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదని, ఆరు నెలల దాకా నీళ్లు కూడా అక్కర్లేదని నువ్వు చెబితే ఇంట్లో టెన్షన్. అదే మాట కౌన్సిలర్ చెబితే మీ అత్తగారే నలుగురికీ చెబుతారు. ఆవిడ మనసూ నొచ్చుకోదు.

డబ్బు గురించి ఆలోచిస్తున్నావేమో. ఆసుపత్రిలో పురుడైనవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త డబ్బు తీసుకోకుండానే 42 రోజుల్లో 6 సార్లు రావాలి. ఆమెను కూర్చోబెట్టి నీ సందేహాలన్నీ అడుగు.

రొమ్ము ఎర్రబడి, గడ్డకట్టి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. పాలివ్వడం మాత్రం ఆపకు.

మూడో రోజో నాలుగో రోజో పాలు పొంగి రొమ్ములు రాళ్లలా అవుతాయి. ఊరికే ఏడుపొస్తుంది. మీ అక్కకూ అలాగే వచ్చింది. అప్పుడు రాత్రి ఎన్ని గంటలైనా నాకు ఫోన్ చెయ్యి. తెల్లారి మొదటి బస్సుకే వచ్చేస్తాను.

మీ పెద్దమ్మ