పక్కింట్లో పిల్లల గోల: కంప్లైంట్ పెట్టేముందు

మీ పక్కింటావిడ ఇంట్లోనే ఏడెనిమిది మంది పసిపిల్లల్ని చూసుకుంటోందని, గోల భరించలేక మున్సిపాలిటీకి కంప్లైంట్ పెట్టచ్చా అని అడిగారు. పెట్టచ్చండి. నా మీదా పెట్టారు. భీమవరంలో మా ఇంట్లో నాలుగేళ్లుగా ఆరుగురిని చూసుకుంటున్నాను.

మొదటి ఏడాదే ఎదురింటి మాస్టారు అర్జీ ఇచ్చారు. వార్డు సచివాలయం నుంచి ఒకబ్బాయి వచ్చి, పిల్లల్ని లెక్కపెట్టి, వంటగదిలోకి తొంగిచూసి, "మీరూ మీరూ మాట్లాడుకోండి మేడమ్" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మాటల్లేవు. సంక్రాంతికి అరిసెలు పంపితే గిన్నె గిన్నెలాగే తిరిగొచ్చింది.

చివరికి మా అత్తగారే వెళ్లారు. "పసిపిల్లలు ఏడిస్తే అంత కష్టమా మాస్టారూ?" అంటే, "పిల్లలన్నాక ఏడవరా అమ్మా! తొమ్మిదింటికి ఆ బళ్లు చూడండి" అన్నారట. మర్నాడు అరుగు మీద నిలబడి చూశాను. అయిదు స్కూటీలు ఆయన గేటు ముందు ర్యాంపు మీదే. స్టాండు వేసి, పిల్లాణ్ణి దింపి, వాడు చున్నీ వదలకపోతే ఇంకో పది నిమిషాలు. పైగా వచ్చినవాళ్లంతా మా ఇనప గేటు ధడేల్మని వేయడం. నేనేమో ఏడాదిపాటు పిల్లల గోల గురించే పోట్లాడాను.

బళ్లు వీధి చివర ఆపి నడిచి రమ్మన్నాను. అలిగి ఒకావిడ పిల్లని మాన్పించేసింది. గేటు గడియకి పాత చీర గుడ్డ చుట్టాను, వానల్లో నాని చివికితే మార్చుకోవాలి.

రూల్స్ అంటారా, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్ హద్దు. అన్నాల వేళ మావాళ్లు అది దాటేస్తారు, అబద్ధమెందుకు. కానీ ఆ లెక్కన ముందు పెళ్లి మైకులకి నోటీసులివ్వాలి! పిల్లల్ని దింపి పనికెళ్లే ఆ తల్లులకి మాత్రం వేరే దారేది? అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండాకే. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరణతో వచ్చిన రూలు ప్రకారం క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, పెట్టాల్సింది 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలే. వాళ్లు పనిచేసేది ఎనిమిది మందితో నడిచే ల్యాబయితే దానికి ఆ బాధ్యత లేదు.

మీరు రెండ్రోజులు టైము చూసి రాసుకోండి: ఏడుపా, బళ్లా, గేటా, మురుగు కాలవలో డైపర్లా? డైపర్లయితే గట్టిగానే అడగండి, వానాకాలంలో ఆ నీళ్లు మీ వాకిట్లోకే వస్తాయి. ఒంటిగంటా మూడు మధ్య మాత్రం ఆవిడ తలుపు కొట్టకండి, అందరినీ అప్పుడే పడుకోబెట్టి ఉంటుంది.