ఐలెట్ మార్పిడి చేయిస్తే మా బాబుకు ఇన్సులిన్ సూదులు తప్పుతాయా?

మీ బాబుకు పన్నెండేళ్ళని, టైప్ 1 షుగర్ బయటపడి ఏడాదయిందని రాశారు. కెనడాలో ఒక సర్జన్ ఐలెట్లు, అంటే ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు, మార్చి ఇన్సులిన్ మానిపించాడట, రెండెకరాలు అమ్మైనా చేయించవచ్చా అని అడిగారు. పొలం జోలికి మాత్రం పోకండి.

నేను డాక్టర్ని కాదు. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అమ్మాయికి తొమ్మిదో ఏట ఇదే బయటపడింది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. మీలాగే నేనూ ఈ మార్పిడి గురించిన పేపర్ కటింగ్ జేబులో పెట్టుకుని వేలూరు పోయి ఒక పెద్ద డాక్టర్ గారిని అడిగాను. ఆయన నా కాగితం చూడకముందే ఒకటే అడిగారు: "షుగర్ పడిపోతున్నట్టు పాపకు ముందే తెలుస్తుందా?"

నాకు వెంటనే అలిపిరి మెట్లు గుర్తొచ్చాయి. గాలిగోపురం దాటాక నాలుగడుగులు వేసి "నాన్నా, కాళ్ళు తేలిపోతున్నాయి" అని కూర్చుండిపోయింది. నుదుటి మీద చెమట, వేళ్ళు వణుకు. మీటర్లో 54. సంచిలోని గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించాం. వెనక వస్తున్న పెద్దావిడ వేరుశనగ చిక్కీ పెట్టమని ఒకటే పోరు. నూనె గింజలతో కలిసిన తీపి నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ నిమిషంలో పనికి రాదు. పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే 96. లేచి నడిచింది.

"తెలుస్తుంది సార్, తనే చెప్తుంది" అన్నాను. "అయితే ఇది మీ పాప కోసం కాదు" అన్నారాయన. ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి షుగర్ పడిపోయే పెద్దవాళ్ళ కోసమట ఈ మార్పిడి. అమెరికాలో 2023 జూన్‌లో దాతల ఐలెట్లతో చేసే చికిత్సకు అనుమతి ఇచ్చింది కూడా షుగర్ పదే పదే ప్రమాదకరంగా పడిపోయే పెద్దవాళ్ళకే.

ఐలెట్లంటే క్లోమంలో అక్కడక్కడా ఉండే చిన్న చిన్న కణాల గుంపులు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ గుర్తించాడు. క్లోమంలో నూటికి ఒకటి రెండు వంతులే అయినా ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే. చనిపోయిన దాత క్లోమాన్ని ఎంజైముతో కరిగించి, వాటిని వేరుచేసి, సన్నటి గొట్టంతో కాలేయానికి పోయే సిరలోకి వదులుతారు. అవి కాలేయంలోనే కుదురుకుని ఇన్సులిన్ ఇస్తాయి. క్లోమం పని కాలేయంలో జరగడం నాకైతే ఇప్పటికీ వింతే.

మీరు విన్నది ఎడ్మంటన్‌లోని జేమ్స్ షాపిరో గురించే అయ్యుంటుంది. అంతకుముందు వాడే స్టెరాయిడ్లు ఐలెట్లకే చేటు చేసేవి. ఆయన బృందం వాటిని పక్కన పెట్టి వేరే మందులతో చేసి, ఏడుగురికీ ఇన్సులిన్ ఆగిందని 2000లో ప్రకటించింది. ఒక్కొక్కరికి కనీసం ఇద్దరు దాతలు కావలసి వచ్చింది. అయిదేళ్ళ తర్వాత చూస్తే అక్కడ చేయించుకున్నవాళ్ళలో సూది పూర్తిగా లేనివాళ్ళు నూటికి పదిమందే. మిగతావాళ్ళలో చాలామందికి ఐలెట్లు కొంత పనిచేస్తూనే ఉన్నాయి, షుగర్ పడిపోవడం తగ్గింది.

అసలు చిక్కు మందులది. పరాయి ఐలెట్లను ఒళ్ళు తోసేయకుండా రక్షణశక్తిని తగ్గించే మందులు రోజూ మింగుతూనే ఉండాలి. ఇన్ఫెక్షన్లు, నోటి పుళ్ళు, కిడ్నీ మీద భారం అన్నీ వాటితోనే వస్తాయి. ఎదిగే పిల్లాడికి సూది మాన్పించి ఇవి అంటగడతామా?

వేరే రకం కణాలుగా మారగలిగే స్టెమ్ సెల్స్ నుంచి ఐలెట్లు తయారుచేసే పని కూడా సాగుతోంది. 2025లో వచ్చిన ఫలితాల్లో పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. వాళ్ళూ ఆ మందులే వాడుతున్నారు. ఇదీ చెప్పకుండా ఒకాయన నాకు ఫోన్ చేసి, నాలుగు లక్షలకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేయిస్తాం, ఇన్సులిన్ ఇవాళే ఆపేయండి అన్నాడు. అనుమతి పత్రం పంపమన్నాను, అంతే, మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికొస్తుంది, ఎవరు చెప్పినా ఆపకండి.

ఇంతకీ మీరు రాయనిది ఒకటుంది. షుగర్ పడిపోతున్నప్పుడు మీ బాబు తనే చెప్తున్నాడా, మీరు చూసి కనుక్కుంటున్నారా? నిద్రలో ఎప్పుడైనా పడిపోయిందా? డాక్టర్ని కలిసేముందు ఓ నెల రోజులు ఇవి ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి.