పాప్-ఏ తక్కువ వస్తే మాయ పాడైనట్టేనా?

డబుల్ మార్కర్ (మొదటి మూడు నెలల్లో చేసే రక్తపరీక్ష)లో డౌన్ సిండ్రోమ్ రిస్క్ లేదని వచ్చినా పాప్-ఏ 0.34 మోమ్ ఉందని, డాక్టర్ మాయ (ప్లాసెంటా) గురించి ఏదో అన్నారని, మొదటి కాన్పులో బీపీ వచ్చిందని, ఇప్పుడు 13వ వారమని మీరు రాశారు. నా రెండో కాన్పు కూడా ఇలాగే మొదలైంది. నేను డాక్టర్ని కాను, రెండుసార్లూ హై రిస్క్ అనిపించుకున్న తల్లిని.

పాప్-ఏ మాయ తయారుచేసే ప్రొటీన్. అదే వారంలో ఉన్న గర్భిణుల మధ్యస్థ విలువను 1 అనుకుంటే (మోమ్ అంటే ఈ లెక్కే), మీది అందులో మూడో వంతు. 0.4 కన్నా తగ్గితే బిడ్డ ఎదుగుదల మందగించడం, బీపీ పెరగడం, నెలలు నిండకుండా కాన్పు కావడం లాంటివి జరిగే అవకాశం కొంత పెరుగుతుంది. అయితే అలా తక్కువ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. నాకు 0.37 వచ్చినప్పుడు ఈ ముక్క చెప్పినవాళ్లు లేక రెండు రాత్రులు నిద్రపోలేదు.

నిజానికి మీ విషయంలో పాప్-ఏ కన్నా పెద్ద సూచన మొదటి కాన్పులో వచ్చిన బీపీయే. అందుకే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ వారమే ఆస్పిరిన్ గురించి అడగండి. 2017లో వచ్చిన ఆస్ప్రే ట్రయల్‌లో రిస్క్ ఎక్కువున్నవాళ్లకు 11–14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల వరకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. 37 వారాలలోపు కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బు) 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. 16 వారాలు దాటాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదంటారు. సొంతంగా మాత్రం వేసుకోకండి. కడుపులో పుండ్లు, ఆస్పిరిన్ పడకపోవడం లాంటివి ఉంటే ముందే చెప్పాలి.

ఎవరో మీకు చెప్పిన ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి పరీక్ష ఇప్పుడు చేయించేది కాదు. 20 వారాలు దాటాక, అనుమానం వచ్చినప్పుడు చేస్తారు. పీఎల్‌జీఎఫ్ రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్. మాయకు రక్తం సరిగా అందకపోతే అది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1ను ఎక్కువగా వదులుతుంది. అది వెళ్లి పీఎల్‌జీఎఫ్‌ను పట్టేసుకుంటుంది. దాంతో తల్లి రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది.

29వ వారంలో తలనొప్పి, బీపీ 142/90 ఉంటే నాకు ఈ పరీక్ష చేశారు. 24 వచ్చింది. 38 లేదా అంతకన్నా తక్కువైతే వారంలోపు ప్రీఎక్లాంప్సియా రాదని దాదాపు నమ్మొచ్చు. 2016లో ప్రచురించిన ప్రోగ్నోసిస్ అధ్యయనంలో ఆ మాట 99.3 శాతం నిలబడింది. నేనేం చేశానంటే, పరీక్ష పాసైనట్టు సంబరపడి నాలుగు రోజులు బీపీ చూసుకోవడమే మానేశాను. డాక్టర్ గట్టిగా తిట్టారు. ఆ హామీ ఆ వారానికే, నెలలు నిండేదాకా కాదు.

33వ వారంలో మళ్లీ చేస్తే 97. 34 వారాలలోపు 85 దాటితే గట్టి సంకేతమే. కానీ నంబర్ చూసి వెంటనే ఆపరేషన్ చేయలేదు. చేర్చుకుని, బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, రోజూ డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్), లివర్ పరీక్షలు చూశారు. బీపీ మందులకు లొంగనప్పుడు 34 వారాల 5 రోజులకు కాన్పు చేశారు. పాప 1.9 కిలోలు. మొదటిసారి ఎవరూ ముందుగా పసిగట్టలేదు, 31 వారాలకే హడావిడిగా కోశారు.

అలాగని 38 దాటితే హడలిపోనక్కర్లేదు. అదే అధ్యయనంలో అలాంటివాళ్లలో నాలుగు వారాల్లోపు జబ్బు బయటపడింది 36.7 శాతం మందికే. రిపోర్టు ఎంత బాగున్నా సరే తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి డొక్కలో నొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా వెళ్లిపోండి.

ఇంకో మాట, మీ ఎన్‌టీ స్కాన్ (మూడో నెల చివర్లో బిడ్డ మెడ వెనక మందం చూసే స్కాన్) రిపోర్టులో యుటెరైన్ ఆర్టరీ పీఐ (గర్భాశయ రక్తనాళాల్లో రక్తప్రవాహానికి ఎంత అడ్డు ఉందో చెప్పే అంకె) అని రాశారేమో చూడండి. అదీ, బీపీ, పీఎల్‌జీఎఫ్, మీ పాత కాన్పు వివరాలూ కలిపి లెక్కగడితే ఒక్క పాప్-ఏ కన్నా నమ్మదగిన అంచనా వస్తుంది. రాయకపోతే 14వ వారం దాటకముందే ఆ డాప్లర్ చూడొచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి.